టెంకల సాయిబు

బాయిలరు సాయిబు పోయాడని విన్నప్పుడు నాకు ఏడుపు రాలేదు, నవ్వొచ్చింది. చిత్తూరు మార్కెట్లో చింతపండు బేరం చేస్తున్నాను. ఒకప్పుడు నా పక్కన నిలబడి మామిడికాయలు కోసిన ఆమె కనబడి, "అక్కా, మన సాయిబన్న పోయినాడంట, నీకు తెలీదా?" అంది. నేను ఫక్కున నవ్వాను. ఆమె బిత్తరపోయింది. చింతపండు అమ్మే మనిషి తక్కెడ పట్టుకుని అట్లాగే ఉండిపోయింది. ఏం చేయను? ఆ మాట వినగానే నా కళ్ళ ముందుకు వచ్చింది చావు కాదు. ఎర్ర తువ్వాలు రెండు చేతులతో పైకెత్తి, లుంగీ జారిపోతున్నా పట్టించుకోకుండా, ఎదురుగా వస్తున్న బస్సును చూస్తూ వెనక్కి వెనక్కి పరుగెత్తుతున్న మనిషి వచ్చాడు.

ఇంటికొచ్చి ఇది రాయడానికి కూర్చున్నాను. నాకు అక్షరాలు నలభై దాటాక వచ్చాయి, తిప్పి తిప్పి రాయడం చేతకాదు. ఆయన పేరు మాత్రం రాయను. ఉన్నన్నాళ్ళూ ఎవరూ పేరుపెట్టి పిలవలేదు, పోయాక నేనెందుకు పిలవాలి?

మా ఊరికి కూతవేటు దూరంలో, చిత్తూరు నుంచి ఐరాల పోయే రోడ్డు పక్కన ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఉండేది. డెబ్బైలు దాటి ఎనభైల్లో పడ్డ రోజులు. ఎండాకాలం వస్తే చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళమంతా అందులోనే. కాయలు కడిగి, తొడిమ కోసి, మిషన్లో వేస్తే గుజ్జు ఒక వైపు వచ్చేది, తొక్కా టెంకా ఇంకో వైపు పడేవి. గుజ్జు ఉడకాలన్నా డబ్బాలు ఉడకాలన్నా ఆవిరి కావాలి. ఆవిరికి బాయిలరు, బాయిలరుకు సాయిబు.

మనిషి పొట్టి. కళ్ళద్దాలకు ఒక పక్క కాడ లేదు, దారంతో చెవికి చుట్టుకునేవాడు. చొక్కా వేసుకోగా నేను చూడలేదు. బీడీ తాగేవాడు కాదు. ఎవరైనా ఇస్తే, "పొద్దంతా నిప్పుతో కాపురం చేసేవానికి మళ్ళా ఈ నిప్పెందుకబ్బా" అనేవాడు. బాయిలరును 'అత్త' అనేవాడు. "అత్తకు ఆకలేస్తాండాది, కట్టె తెండి." "అత్త అలిగింది, దగ్గరికి పోవద్దండి." "ఈ పొద్దు అత్త మంచిగుండాది, ఏమడిగినా ఇస్తాది." ఒకసారి ఆయన సొంత అత్తగారే అన్నం క్యారియరు తీసుకుని వచ్చింది. లోపల్నుంచి "అత్త కడుపులో బూడిద తియ్యండిరా" అని కేక వినబడింది. ముసలామె క్యారియరు కింద పెట్టి నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది.

"ఏమల్లుడా, ఎవురి కడుపులో ఏముండాదంటా?"

సాయిబు ఉలిక్కిపడి బయటికొచ్చి, "అరే, నువ్వు సల్లని అత్తవి, అది వేడి అత్త. కోపమొస్తే రెండూ ఒకటేలే" అన్నాడు. ఆమె క్యారియరు మూత తీసి కూర మటుకు వెనక్కి తీసుకుపోయింది. ఆ రోజు ఆయన మా కారం పొడితో తిన్నాడు.

కట్టె ఎండిందో లేదో అందరూ చేత్తో ఎత్తి చూస్తారు, లేకపోతే రెండు ముక్కలు కొట్టి చప్పుడు వింటారు. ఈయన కొరికేవాడు. పులికాట్ వైపు నుంచి సర్వి కట్టెల లారీ వచ్చిందంటే, పైకెక్కి ఒక కట్టె లాగి, చివర కొరికి, నమిలి, కళ్ళు మూసుకుని చెప్పేవాడు.

"ఇది పచ్చిది. మొన్ననే నరికినారు."

"సాయిబూ, ఆవులు మేసేది సూసినాను, మేకలు మేసేది సూసినాను. కట్టెలు మేసే మనిషిని నిన్నే సూస్తా ఉండా" అనేవాడు లారీ డ్రైవరు.

చెప్పింది నిజమయ్యేదా అంటే, సగానికి సగం తప్పు. తప్పని తేలితే "ఆకూవక్కలో సున్నం ఎక్కువై నోటికి రుచి తెలీలేదు" అని తప్పించుకునేవాడు. ఏ విషయం ఎత్తినా "నేను రాణిపేటలో ఉన్నప్పుడు" అని మొదలుపెట్టేవాడు. రాణిపేటలో తోళ్ళ ఫ్యాక్టరీ బాయిలరు నడిపాడంట, పాము కరిచినోళ్ళకు మందిచ్చాడంట, వరదలో పడవ తోలాడంట. ఒకే ఊళ్ళో ఇన్ని పనులు చేసిన మనిషి ఆ ఊరు ఎందుకు విడిచి వచ్చాడో మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

శుక్రవారం నమాజుకు పోతూ నన్ను బాయిలరు దగ్గర నిలబెట్టేవాడు. దానికి గుండ్రటి గడియారం లాంటిది ఒకటి ఉంది, అందులో ఒక ముల్లు. రెండు చోట్ల ఎర్ర రంగు పూసి పెట్టాడు. "సెల్లే, ముల్లు ఈ గీత కింద పడితే అత్తకు ఆకలి, రెండు కట్టెలెయ్యి. ఆ గీత దాటితే కోపం, కేకెయ్యి" అన్నాడు. అక్షరాలకన్నా ముందు నాకు ఆ ముల్లు చదవడం వచ్చింది.

ఇంక గుంత సంగతి చెప్పాలి. మిషన్లోంచి పడిన తొక్కా టెంకా ఎద్దులబండ్లకెత్తి, ఫ్యాక్టరీ వెనక వంక పక్కన ఒక పెద్ద గుంతలో పోసేవాళ్ళు. మొదటి ఏడు ఎవరూ పట్టించుకోలేదు. రెండో ఏటికి గుంత నిండింది. మూడో ఏటికి అది గుంత కాదు, గుట్ట. కింద నుంచి నల్లగా రసం కారేది. వాసనకు గుంత పక్క దావన పోయేవాళ్ళు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునేవాళ్ళు. ఈగలు ఎంతంటే, పళ్ళెంలో సంగటి ముద్ద కనబడేది కాదు. ఆ వంక పక్కనే మా చేను. చేనికి ఒక బావి. వాన పడితే గుంత రసమంతా వంకలోకి, వంకలోంచి మా బావిలోకి. నీళ్ళు టీ రంగుకు తిరిగాయి. ఎద్దులు మూతి పెట్టి, చీదరించుకుని, వెనక్కి తిరిగిపోయేవి.

నా బతుకు ఎట్లా ఉందో చూడండి. పొద్దున నేను ఫ్యాక్టరీలో కోసిన కాయ టెంక సాయంత్రానికి మా బావిని చెడగొడుతుంది. ఫ్యాక్టరీ మూస్తే నా కూలి పోతుంది, మూయకపోతే నా చేను పోతుంది. మా ఆయన రోజూ అన్నం దగ్గర ఇదే పట్టేవాడు.

"నీ మామిడికాయలు నా బావిని మింగినాయి గదే."

"నా మామిడికాయలేంది? నీ మామిడికాయలేంది? నువ్వు తినే ఉప్పూ పప్పూ యాడనుంచి వస్తా ఉండాయి?"

ఇద్దరం చెప్పేదీ నిజమే కాబట్టి కొట్లాట ఎప్పటికీ తెగేది కాదు.

ఆ ఏడు బావులున్న రైతులంతా కలిసి ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వచ్చారు. ముందు మా ఆయనే. మేనేజరు తిరుపతి మనిషి, మెత్తనివాడు. "వానలు మొదలయ్యే లోపల గుంతకు బండ్లు రావడం ఆగాల. లేదంటే దావకు అడ్డం నిలబడతాం" అన్నారు రైతులు. మేనేజరు చేతులు నలుపుకున్నాడు. "టెంకలు పోసుకునే తావు లేకపోతే నేను గేటుకు తాళం వెయ్యాల్సిందే. వేరే దారి లేదు నాయనా" అన్నాడు. అబద్ధం కాదు. ఆయన ముఖం చూస్తేనే తెలిసింది.

మేమంతా కత్తులు పట్టుకుని బల్లల దగ్గర అట్లాగే నిలబడి వింటున్నాం. అప్పుడు బాయిలరు గదిలోంచి సాయిబు వచ్చాడు. ఎవరూ పిలవలేదు.

"పారేసేదెందుకు? అత్తకు పెడతా" అన్నాడు.

"టెంకలా?" అన్నాడు మేనేజరు.

"టెంకలే. నేను రాణిపేటలో ఉన్నప్పుడు..."

మా ఆయనతో సహా అందరూ నవ్వారు. నవ్వినా ఒప్పుకున్నారు.

తొక్కల సంగతి తేలికగా తీరింది. ఎండాకాలం మేత లేదు. గేటు దగ్గర కుప్ప పోస్తే, రెండు మూడు ఊళ్ళవాళ్ళు గంపలతో వచ్చి ఎత్తుకుపోయి చెనిగి కట్టెలో, అదే ఎండిన వేరుశనగ మేతలో, కలిపి ఆవులకు పెట్టారు. గుంత గురించి అందరికన్నా గట్టిగా అరిచినవాళ్ళే పెద్ద గంపలు తెచ్చారు. మిగిలింది టెంక. అది పశువు తినదు, మట్టిలో పెడితే తొందరగా మాగదు, మొండిది.

సాయిబు మొదటి రోజే మిషన్లోంచి పడినవి పడినట్టు పారతో ఎత్తి బాయిలరులో వేశాడు. లోపల చుంయ్ మంది. తరువాత పొగ. పచ్చటి, జిగట పొగ. గొట్టంలోంచి పైకి పోవాల్సిన పొగ తలుపులోంచి మా మీదికి వచ్చింది. దగ్గులు, కళ్ళ నీళ్ళు. ముల్లు కింది గీత దాటి పడిపోయింది. గుజ్జు ఉడకడం ఆగింది. మేనేజరు ముక్కుకు రుమాలు కట్టుకుని వచ్చి "ఏంది సాయిబూ ఇది?" అని అరిచాడు. ఆయన అరవగా నేను విన్నది ఆ ఒక్కసారే.

సాయిబు ముఖమంతా మసి. సిగ్గుపడ్డాడా? లేదు. "అత్త ఉమ్మేసింది. నీళ్ళు కలిపిన అన్నం పెడితే ఎవురు తింటారు? ఎండబెట్టి, పగలగొట్టి పెట్టాల" అన్నాడు.

ఎండబెట్టడం సరే, పగలగొట్టేదెట్లా? రాయితో కొట్టి చూశాం. పీచు మీద రాయి జారి వేళ్ళ మీద పడింది. రోకలితో దంచి చూశాం. రోకలి విరిగింది. కొండంత టెంకలు, చేతులు చూస్తే ఇన్నే. అందరూ నీరసపడి కూర్చున్నారు.

"రాగులు మనం రోకలితో దంచుతామా? రోడ్డు మీద పోస్తాం, బస్సు తొక్కతాది. ఇవీ పోస్తే ఏమి?" అన్నాను నేను.

మా వైపు ఇది అందరూ చేసేదే. కోత కాగానే రాగి కంకులు, ఉలవ కట్టె తెచ్చి తారు రోడ్డు మీద పరుస్తారు. బస్సులూ లారీలూ పోతూ ఉంటే గింజ రాలుతుంది. డ్రైవర్లు తిడతారు, తొక్కుతారు. ఆ మాట అన్నది నేను. పక్కన ఉన్నవాళ్ళంతా విన్నారు. సాయిబు ఒక్క గడియ నోరు తెరుచుకుని నా వైపు చూసి, రెండు చేతులూ చరిచాడు. "నేను రాణిపేటలో ఇదే చేసినాను! ఎట్ల మర్చిపోతి!" అన్నాడు. పోయేదాకా అది తన ఆలోచనే అని చెప్పుకున్నాడు. నేను వాదించి వాదించి విడిచిపెట్టాను.

"నాలుగు పొద్దులు ఎండనీ సాయిబన్నా" అన్నాను. ఆయనకు ఆత్రం. మరుసటి రోజుకే ఒక టెంక తీసుకుని కొరికాడు. కటుక్కుమంది. విరిగింది టెంక కాదు, ఆయన ముందు పన్ను. సగం పన్ను అరచేతిలో పెట్టుకుని, రక్తం ఉమ్మి, సంతోషంగా మా వైపు చూశాడు. "సూసినారా? పన్ను విరిగిందంటే ఎంత ఎండిండాదో! పొయ్యండి రోడ్డు మీద!"

పోశాం. గంపలు గంపలు పోశాం. రోడ్డు పసుప్పచ్చగా అయిపోయింది. మొదట ఒక లారీ వచ్చింది. దాని చక్రాల కింద టెంకలు పటపటమని దీపావళి టపాకాయల్లాగా పేలాయి! మేమంతా ఎగిరి గంతులేశాం. సాయిబు రోడ్డు మధ్యకు పరుగెత్తి విరిగిన చిప్పలు రెండు పిడికిళ్ళతో ఎత్తి "పగిలినాయి! పగిలినాయి!" అని అరిచాడు. అంతలో ఐరాల నుంచి బస్సు వచ్చింది.

టెంకల పైచిప్ప ఎండింది గాని పీచు అడుగున ఇంకా జిగట. లారీ తొక్కడంతో ఆ జిగటంతా రోడ్డుకు పూసుకుంది. సాయిబు అది చూశాడు. తువ్వాలు ఎత్తి "నిలుపు! నిలుపు!" అంటూ వెనక్కి పరుగెత్తాడు. డ్రైవరు బ్రేకు తొక్కాడు. అదే తప్పయింది. బస్సు పెళ్ళికూతురు తలవంచినట్టు నెమ్మదిగా ఒక పక్కకు తిరిగి, అట్లాగే జారుకుంటూ పోయి, రోడ్డు పక్క బురద కాలవలో ముందు చక్రం పెట్టి నిలబడిపోయింది. ఎవరికీ గోరంత దెబ్బ కూడా తగల్లేదు. ఒకామె ఒళ్ళోని కోడిపెట్ట మాత్రం కిటికీలోంచి దూకి మా ఫ్యాక్టరీలోకి పారిపోయింది.

డ్రైవరు దిగాడు. నిలువెత్తు మనిషి, మీసాలు. "ఎవుడ్రా ఇవి పోసింది?"

మేమంతా సాయిబు వెనక చేరాం. సాయిబు దాక్కోవడానికి మాత్రం ఎవరూ లేరు, మేము వెనకుండగా పారిపోయే వీల్లేదు.

"నేనే అబ్బా."

"రాగులు గూడా ఎండినాక పోస్తారు గదయ్యా! పచ్చి టెంకలు పోస్తే బస్సు నిలబడతాదా? నీకు మతి ఉండాదా?"

"ఎండినాయే! పన్ను గూడా విరిగింది సూడు" అని నోరు తెరిచి చూపించాడు.

డ్రైవరు ఆ నోట్లోకి వంగి చూశాడు. చూసి, ముఖం తిప్పుకున్నాడు. భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడు! ఇంక బస్సంతా నవ్వింది. ప్రయాణికులూ, మేమూ, మేనేజరూ అందరం కలిసి ఐసా అంటూ బస్సును కాలవలోంచి తోశాం. ఎక్కేముందు డ్రైవరు అన్నాడు. "బాగా ఎండబెట్టి, ఒక పక్కకు పలచగా పొయ్యి సాయిబూ. పోతా వస్తా నేనే తొక్కతా." మాట నిలబెట్టుకున్నాడు. ఆ బస్సు మేము టెంకలు పరిచిన చోటికి రాగానే నెమ్మదించి, ఒక వైపు చక్రాలు టెంకల మీదికి ఎక్కించి, హారన్ కొట్టుకుంటూ పోయేది. కిటికీల్లోంచి జనం తలలు పెట్టి చప్పుడు వినేవాళ్ళు.

ఫ్యాక్టరీ వెనక నల్లటి రాతి బండ ఉంది. మిట్టమధ్యాహ్నం దాని మీద కాలు పెట్టలేం. అక్కడ పరిచాం. ఎండినవి రోడ్డుకు, రోడ్డు మీద పగిలినవి చాటల్లోకి. టెంక లోపలి జీడి, అదే పప్పు, వేరు చేస్తే, సబ్బుల నూనెకు పనికొస్తుందని తిరుపతి వ్యాపారి ఒకాయన తీసుకుపోయాడు. చిప్పలు మళ్ళీ బండ మీదికి, ఆఖరి ఎండకు. గుంతకు పోయే బండ్లు తగ్గాయి గాని ఆగలేదు. సాయిబు చిప్పల్ని కట్టెలో కలిపి వేస్తున్నాడు, కొంచెం కొంచెం. అట్లా వేస్తే టెంకలు తరగవు. ఇంకో పక్క మబ్బులు కనబడుతున్నాయి.

రైతులు మళ్ళీ వచ్చారు. "వాన ఈ వారమో పై వారమో. ఇంక ఆగం" అన్నారు. సాయిబు ఛాతీ మీద చరుచుకున్నాడు. "సోమవారం నుంచి ఒక్క బండి గుంతకు పోదు. ఆ పొద్దు అత్తకు ఒక్క కట్టెపుల్ల గూడా ఎయ్యను, అంతా చిప్పలే!" మేనేజరు తల పట్టుకున్నాడు. ఆవిరి నిలబడకపోతే ఆ రోజు కాయంతా కుళ్ళిపోతుంది. పైనవాళ్ళు గేటుకు తాళం వేయమంటారు. సాయిబుకు ఇవన్నీ తెలుసు. తెలిసీ అనేశాడు.

సోమవారం వచ్చింది. పొద్దున్నే చిప్పలు వేశాడు. ముల్లు లేవలేదు. "సెల్లే, నువ్వొచ్చి ముల్లు సూడు, నేను పార ఇడిచేది లేదు" అని కేకేశాడు. నేను కత్తి బల్ల మీద పెట్టి పోయాను. కింది గీత దగ్గరే వణుకుతోంది ముల్లు.

"ఎట్లుండాది?"

"కిందనే ఉండాది సాయిబన్నా."

"తల్లీ, తిను తల్లీ" అని బాయిలరును బతిమాలుతున్నాడు. అత్త అనడం కూడా మరిచిపోయాడు. అప్పుడు లోపల బుస్సుమని చప్పుడు. చిప్పల పీచు అంటుకుంది. మంట పొయ్యి నిండా తెల్లగా లేచింది. సర్వి కట్టెకు అట్లాంటి మంట నేను చూడలేదు.

"లేస్తాండాది!" అని అరిచాను. "లేస్తాండాది సాయిబన్నా! కింది గీత దాటింది!"

అవతల బల్లల దగ్గర ఆడవాళ్ళంతా కత్తులు బల్లల మీద కొట్టి గోల చేశారు. అంతలో ఎవరో "మబ్బు!" అన్నారు. చూస్తే పడమట ఆకాశం నల్లగా ఉంది. బండ మీద ఆ రోజుకు సరిపడా చిప్పలు ఉన్నాయి. తడిస్తే అంతా పోయినట్టే. ఎవరూ గంట కొట్టలేదు, ఎవరూ పొమ్మనలేదు. బల్లలు విడిచి అందరూ పరుగెత్తారు. గంపలు, చాటలు, చీర కొంగులు. మేనేజరు గోనెసంచి నోరు తెరిచి పట్టుకుని "వెయ్యండి, వెయ్యండి" అంటున్నాడు, చెప్పులు యాడో పోయాయి. ఆఖరి గంప లోపలికి రాగానే వాన పడింది. పొద్దు గూకేదాకా ముల్లు ఆ రెండు గీతల మధ్యనే నిలబడింది.

పని ముగిసే వేళకు వాన వెలిసింది. అప్పుడు చూశాను, ఒక ఎద్దులబండి గేటు దాటి గుంత దావన పోతోంది. "సాయిబన్నా, బండి పోతాండాది!" ఇద్దరం బురదలో పడి పరుగెత్తాం.

దావకు అడ్డంగా మా ఆయన నిలబడి ఉన్నాడు, చేతిలో చింతకట్టె. వెనక నలుగురు రైతులు. బండి ఆగింది.

"ఏముండాది బండిలో?" అన్నాడు మా ఆయన.

"ఏముంటాది? ఏమీ లేదు. పొద్దన్నుంచి పడిన టెంకంతా ఎండేదానికే పాయ, నాకు ఎత్తేదానికి లేకపాయ. ఎద్దుల్ని ఇంటికి తోలకపోతా ఉండా" అన్నాడు బండివాడు.

మా ఆయన నమ్మలేదు. బండి చుట్టూ తిరిగి, లోపలికి తొంగి చూసి, చెయ్యి పెట్టి అడుగు తడిమాడు. తడి పలకలు తప్ప ఏమీ లేవు. పొద్దున్నుంచి పట్టుకున్న కట్టెను ఏం చేయాలో ఆయనకు తెలియలేదు. ఆ చేతిలోంచి ఈ చేతికి మార్చుకున్నాడు. అప్పటికి సాయిబు రొప్పుతూ వచ్చాడు, ఒళ్ళంతా మసి, వానకు కారి చారలు చారలుగా.

మా ఆయన కట్టె ఆయన ముందుకు చాపాడు. "ఇంద సాయిబూ. ఇది గూడా ఏస్కో పొయ్యిలో."

సాయిబు దాన్ని తీసుకుని, అలవాటు ప్రకారం చివర కొరికి, నమిలి, ఉమ్మేశాడు. తిరిగి మా ఆయన చేతిలోనే పెట్టాడు.

"బాగా ఎండిండాది బావా. గాని ఈ పొద్దు కట్టెపుల్ల గూడా ఎయ్యనని ఒట్టు పెట్టుకున్నా గదా" అన్నాడు.